ఐదేళ్ల గడువు

బొడ్డుతాడుకు రెండో ముడి బిగించి కత్తెర అందుకుంటూ ఉండగా ప్రసవం గది తలుపు అవతల నుంచి హెడ్‌క్లర్కు మద్దిలేటి గొంతు వినిపించింది.

"నర్సమ్మా, పనైతే ఒక తూరి ఆఫీసు రూములోకి రా. నీ కాగితమే."

ఉలిగమ్మ తాడు కోసి, బిడ్డను బోర్లా అరచేతిలో పడుకోబెట్టుకుని వీపు మీద గట్టిగా రుద్దింది. పుట్టగానే ఒక కూత కూసి ఊరుకున్న పిల్ల. రెండోసారి రుద్దేసరికి గుక్కపెట్టి ఏడ్చింది. అప్పుడు గాని ఉలిగమ్మ ఊపిరి వదల్లేదు.

"ఆడబిడ్డ. నీ ముక్కే" అంది, తుడిచిన పిల్లను తల్లి పక్కన పెడుతూ.

తల్లి సిద్ధమ్మకు ఇది తొలి కాన్పు. చెమటతో తడిసిన ముఖం ఇటు తిప్పి, "నర్సమ్మా, నువ్వు మలయా దేశం పోతాండావంటనే? మల్లీ కాన్పుకు నువ్వుండవా?" అని అడిగింది.

"ఇంకా ఈ కాన్పు మైల తియ్యలేదు, అప్పుడే ఇంకోటా?" అని నవ్వింది ఉలిగమ్మ. ఆ నవ్వు చేతులు కడుక్కునే దగ్గరికి వచ్చేసరికి లేదు.

హిందూపురం ఊరి చివర ఉన్న ఆ పన్నెండు మంచాల సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో ఆమె పద్నాలుగేళ్లుగా మిడ్‌వైఫ్. మార్కెట్టుకు పోతే ఏదో ఒక పిల్ల చెయ్యి పట్టుకుని, "ఈమె చేతిలోనే పుట్టినావే నువ్వు" అని చూపించే తల్లి ఒకరైనా కనిపిస్తుంది.

మద్దిలేటి ఒక టైపు కాగితం బల్ల మీద ఆమె వైపుకు తిప్పి పెట్టాడు. సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి ఉంది.

"'కుటుంబ కారణముల వలన నా ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నాను, దయతో ఆమోదించగలరు.' అంతే. రెండే లైన్లు. ఇంగ్లీషులో నేనే కొట్టిపెట్టినా, నీకు శ్రమ లేకుండా."

"పద్నాలుగేళ్ల సర్వీసు ఏమవుతుంది సార్?"

"రాజీనామా చేసినాక ఇంక సర్వీసు యాడుంటాది?"

"పింఛనూ..."

"అది కడదాకా చేసినోళ్లకమ్మా. మధ్యలో ఇడిసిపెట్టి పోయినోళ్లకు సర్కారు ఎందుకిస్తాది?" మద్దిలేటి కఠినంగా ఏమీ అనలేదు. రోజూ చెప్పే మాటలా చెప్పాడు. "నీ మొగుడు ఆడ పని కూడా చూసిపెట్టినాడంటివే. ఇంకేం కావాల?"

ఉలిగమ్మ పెన్ను అందుకోలేదు. కాగితం మాత్రం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"రేపు పెనుకొండ తాలూకాఫీసుకు పోవాల సార్, పెండ్లి సర్టిఫికేట్టుకు. వచ్చినాక సంతకం పెట్టి ఇస్తా."

"బుధవారం టపాలో అనంతపురం జిల్లా ఆఫీసుకు పోవాల ఇది. నీ గడువు నీకే తెలుసు కదా."

తెలుసు. మూడు నెలలుగా ఆమెకు తెలిసిందల్లా ఆ గడువే. మొగుడు బాలప్ప మలయాలో ఒక రబ్బరు ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు. ఆగస్టులో ఉత్తరం రాశాడు. అక్కడ కొత్త చట్టం వచ్చిందట. ఐదేళ్లు మొగుడికి దూరంగా ఉన్న పెళ్లాన్ని ఇక లోపలికి రానివ్వరట. లెక్క యాభై నాలుగు డిసెంబరు ఒకటి నుంచి. బాలప్ప కడసారి వచ్చి మూడు నెలలు ఉండి వెళ్లింది ఆ నవంబరులోనే. అంటే ఈ యాభై తొమ్మిది నవంబరు దాటకుండా ఆమె అక్కడ ఓడ దిగాలి. దిగకపోతే ఆ తలుపు మళ్లీ తెరవరు.

"నేనే ఊరికి వద్దామంటే, ఒకసారి బయటికి పోయినోణ్ని మల్లా రానిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ నా ప్రావిడెంటు ఫండు పదేళ్లది ఉంది. నీ పని పర్మిట్టుకు మేనేజరు ఒప్పుకున్నాడు. అయితే అక్కడి ఉద్యోగం విడిచినట్లు కాగితం చూపించాలి" అని రాశాడు. చివర్లో, వీలైతే కొంచెం రాగులు తెమ్మని, ఇక్కడ ముద్ద తిని ఐదేళ్లయిందని రాశాడు. మొదటి మాటలకు కోపం తెచ్చుకుందామనుకున్న ప్రతిసారీ ఆ చివరి మాట దగ్గర ఆమె ఆగిపోయేది.

మంగళవారం పొద్దున రైల్లో పెనుకొండ చేరింది. తాలూకాఫీసు వరండాలోకి ఎండ సగం దాకా వచ్చింది. తహశీల్దారు క్యాంపు నుంచి మధ్యాహ్నానికి గాని రాడని బంట్రోతు చెప్పాడు. గోడ వార ఉన్న బల్ల మీద యాభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. ఉతికి మడత నలగని తెల్లంచు చీర, ఒడిలో గుడ్డసంచి. ఉలిగమ్మకు చోటు ఇవ్వడానికి కాస్త జరిగి, "ఏం పనమ్మా?" అని అడిగింది.

ఉలిగమ్మ చెప్పింది. మలయా అన్న మాట వినగానే ఆవిడ సంచిలో కాగితాలు సర్దుతున్న చెయ్యి ఆపింది.

"ఉద్యోగమా నీది? సర్కారుదా?"

"మిడ్‌వైఫునమ్మా. రాజీనామా ఇచ్చి పోతాండా."

"ఇచ్చేసినావా?"

ఆ అడగడంలో ఉన్న తొందరకు ఉలిగమ్మ తెల్లబోయింది. "లేదమ్మా. ఈడే ఉండాది" అంటూ మడిచిన కాగితం తీసింది.

ఆవిడ దాన్ని విప్పి, పెన్సిలు గుర్తు పక్కన ఖాళీగా ఉన్న చోటును వేలితో తడిమి చూసింది.

ఆవిడ పేరు యశోదమ్మ. ఇటువైపు ఒక ఆడపిల్లల బడిలో పదమూడేళ్లు టీచరు. మొగుడికి రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా పని దొరికితే నలభై ఎనిమిదిలో ఆయన వెంట వెళ్లింది.

"వెళ్లేముందు ఇట్లాంటి కాగితం మీదే సంతకం పెట్టినా. అప్పుడు బరువనిపించలేదు. ఆడ కూడా తెలుగు పిల్లలకు బడి ఉండాది, పోయి నెల దినాలకే చేరినా. తొమ్మిదేళ్లు చెప్పినా. ఏటేటా పర్మిట్టు తిరగ రాయించుకోవాల. యాభై ఏడులో మా ఇద్దరిదీ తిరగ రాయలేదు. వాళ్ల దేశపోళ్లకే పనులు చాలడం లేదంటే మనమేమంటాం? వచ్చేస్తిమి. ఆడ పదేళ్లు నిండితే గాని ఏమీ రాదంట. నాకు తొమ్మిది."

"మరి ఈడ పదమూడేళ్లు?"

"రాజీనామా ఇచ్చినా కదమ్మా." యశోదమ్మ గుడ్డసంచిలోంచి కాగితాల కట్ట తీసింది. అంచులు మెత్తబడిపోయిన నకళ్లు. "ఇది ఏడో అర్జీ. పాత సర్వీసు కలపమని. కలపరు, నాకూ తెలుసు. ఇరవై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినా. ఏ దేశం లెక్కలోనూ నేను ఒక్క దినం కూడా పని చేయలేదు."

ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. చాలా ఆఫీసుల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా ఉన్నాయవి. తర్వాత గొంతు తగ్గించి, దగ్గరికి జరిగి, పిల్లకు లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"జీతం లేని సెలవని ఒకటుండాది. కారణం చూపించి అడగొచ్చు. అన్నీ కలిపి ఐదేళ్లు మించకుండా తిరిగొస్తే నీ ఉద్యోగం నీదే. సెలవు కాలం లెక్కకు రాకపోయినా పాత సర్వీసు చెరిగిపోదు. నేను అర్జీలు రాయను మొదలుపెట్టినాక తెలిసింది నాకు. రూలు పుస్తకం ప్రతి ఆఫీసు బీరువాలోనూ ఉంటాది తల్లీ. అడిగినోళ్లకే తీస్తారు."

"ఆడ పని చేసుకోవచ్చునా?"

"అదే చేయకూడదు. సెలవులో ఉండి ఇంకోచోట జీతానికి చేరితే ఇదీ పోతాది."

ఉలిగమ్మ ఎండ వైపు చూస్తూ కూర్చుంది. సంతకం పెడితే అక్కడ పని ఉంటుంది, ఏ ఏడాదైనా తీసేయగల పర్మిట్టు మీద. పెట్టకపోతే అక్కడ ఆమె చేతులకు పని ఉండదు. పద్నాలుగేళ్లలో ఆ చేతులు ఖాళీగా ఉన్న రోజులు ఆమెకు గుర్తు లేవు.

మధ్యాహ్నం తహశీల్దారు వచ్చాడు. బాలప్ప ఉత్తరాలు, పెండ్లి ఫొటో చూశాడు.

"పెండ్లయి ఎన్నేళ్లు?"

"పదిహేడేళ్లు సార్."

"కలిసి ఉండింది?"

ఆమె లోపల లెక్క వేసుకుంది. "ఆరేళ్ల మూడు నెలలు సార్."

తహశీల్దారు తలెత్తి ఆమెను చూశాడు. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు. బాలప్ప భార్య ఉలిగమ్మ అన్న మాటల మీద గుండ్రటి ముద్ర పడింది. బయటికి వచ్చేసరికి యశోదమ్మ తన వంతు కోసం లోపలికి పోతోంది. ఇద్దరికీ మాట్లాడే వ్యవధి లేకపోయింది.

సాయంత్రం రైలుకు ధర్మవరం పోయింది, అత్తకు కడసారి చెప్పి రావాలని. ఇంట్లో బావ నారాయణ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. అత్త పుట్టమ్మ నడవలో గోడకు వీపు ఆనించి, రాట్నం తిప్పుతూ పట్టుదారం కండెకు చుడుతోంది. ఎర్రపట్టు. కోడలిని చూసి చెయ్యి ఆపలేదు.

"వస్తివా. సర్టిఫికేట్టు ఇచ్చిరా?"

"ఇచ్చిరి అత్తా."

"ఆడ ముద్దకు రాగులు దొరకవంట కదా. పిండి పట్టించి పెట్టినా, మూట తీసుకో."

మూడు నెలలుగా ఈమె వారానికో ఉత్తరం రాయించింది, పో, పోయి వాని కాడ ఉండు, ఇంకెన్నాళ్లు ఇట్లా అని. తాను చెప్పబోయేది వింటే మండిపడుతుందని ఉలిగమ్మకు తెలుసు. రైల్లో నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుంది. ఇప్పుడు ఏదీ గుర్తు రాలేదు. ఎదురుగా కూర్చుని తాలూకాఫీసు వరండాలో విన్నదంతా విన్నది విన్నట్టు చెప్పేసింది.

పుట్టమ్మ వింటూ చుడుతూనే ఉంది. మధ్యలో దారం తెగింది. వేలికొసను నాలుకకు తాకించి, తెగిన రెండు కొసలు కలిపి నలిపింది. ముడి కంటికి కనిపించలేదు.

"సంతకం పెడితే, ఆ ఆసుపత్రి రిజిస్టరులో నీ పేరు కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు అత్తా."

"ఈ పద్నాలుగేండ్లదీ?"

"మొత్తం."

రాట్నం ఆగింది. లోపల నాడె చప్పుడు మాత్రం వస్తోంది.

"నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నాకు పన్నెండేండ్లు" అంది పుట్టమ్మ. "ఆ పొద్దు నుంచి కండెలు చుడతాండా. మీ మామ నేసిన ప్రతి చీరలోనూ నా చెయ్యి ఉండాది. పట్టు ఇచ్చే సేటు పుస్తకంలో మీ మామ పేరు రాసిరి. ఆయన పోయినాక నారాయణ పేరు రాసిరి. నేతగాళ్ల సంగంలో చేరినారు, ఆడ కూడా మొగోళ్ల పేర్లే. నా పేరు యాడా లేదు. రేపు నేను పోతే, ఈ పుట్టమ్మ ఏం పని చేసిందని అడిగితే చూపించను ఒక్క గీత లేదు."

ఉలిగమ్మ ఆగిన రాట్నం మీది ఎర్రపట్టును చూసింది.

"పొమ్మని నేనే చెప్పినా. ఇప్పుడూ పొమ్మనే చెప్తాండా. వాడు మనిషి మంచోడే, ఆడ ఒంటిగా ఉండాడు. కానీ నీ పేరు నువ్వే కొట్టేసుకొని పోవద్దు మే. వానికి కోపమొస్తే నా మీద చెప్పు. మీ యమ్మే చెప్పిందను."

"ఆడ ఊరికే కూర్చోవాల అత్తా. పని లేకుండా."

"అదొక్కటీ కష్టమే" అని ఒప్పుకుంది పుట్టమ్మ. కోడలి చేతుల వైపు చూసింది. సబ్బుకూ మందునీళ్లకూ పొరలు లేచిన చేతులు. మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

బుధవారం పదిన్నరకు ఉలిగమ్మ ఆఫీసు రూములోకి పోయి, టైపు కాగితాన్ని సంతకం లేకుండా మద్దిలేటి బల్ల మీద పెట్టింది. దాని మీద తన చేతిరాతతో తెలుగులో రాసిన ఇంకో కాగితం పెట్టింది. రెండేళ్లు జీతం లేని సెలవు కోరుతున్నానని, భర్త ఉన్న దేశంలో గడువు తీరుతున్నందున పోవలసి వచ్చిందని, సెలవు తీరిన మరునాడు పనిలో చేరగలనని.

మద్దిలేటి రెండుసార్లు చదివాడు. "ఇట్లాంటివి ఇయ్యరమ్మా."

"రూలు ఉండాదంట సార్."

"ఎవరు చెప్పిరి?"

"పుస్తకం తీసి చూడండి సార్. లేదంటే ఇప్పుడే సంతకం పెట్టి పోతా."

ఆమె కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మద్దిలేటి లేచి, నడుముకు కట్టిన తాళాల గుత్తితో బీరువా తెరిచాడు. అట్ట చిరిగిన లావు పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. అద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ఒక చోట వేలు ఆగింది. పెదవులు కదిలిస్తూ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఉండాది" అన్నాడు.

అంతటితో ఆగలేకపోయాడు. అద్దాలు తీసి కండువాతో తుడుస్తూ, "పద్దెనిమిదేండ్లలో ఎనిమిది మంది ఆడోళ్లకు రాజీనామాలు నేనే కొట్టిచ్చినా. పెండ్లి అనీ, మొగునికి బదిలీ అనీ. ఎవరూ ఇది అడగల్యా" అన్నాడు.

"ఆళ్లకు తెలిస్తే కదా సార్ అడిగేది?"

మద్దిలేటి పుస్తకం మూయకుండానే టైపు మిషన్ దగ్గరికి లాక్కుని, కార్బన్ పెట్టి, రెండు కాగితాలు ఎక్కించాడు. మామూలుగా గడగడా కొట్టే మనిషి ఆవేళ పుస్తకంలోకి చూసి చూసి ఒక్కో అక్షరం కొట్టాడు. రూలు నెంబరు ఉన్న చోట కింద గీత కూడా కొట్టాడు.

డాక్టరమ్మ రౌండ్లు ముగించుకుని వచ్చి కాగితం చూసి, "నిజంగా తిరిగి వస్తావా ఉలిగమ్మా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అంది ఉలిగమ్మ. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "వచ్చేదానికి దారి ఉండాలని అడుగుతాండా."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, అనంతపురం జిల్లా ఆఫీసుకు ట్రంక్‌కాల్ బుక్ చేయమంది. గంటన్నరకు లైను దొరికింది. అవతల ఎవరో వద్దంటున్నట్టున్నారు. డాక్టరమ్మ రూలు నెంబరు మూడుసార్లు చెప్పింది. మూడోసారి కోపంగా చెప్పింది. ఆర్డరు శనివారం టపాలో వచ్చింది. రెండేళ్లు అడిగితే పద్దెనిమిది నెలలే ఇచ్చారు. ఆ కాలంలో మరెక్కడా జీతానికి పని చేయరాదన్న షరతు కింద మద్దిలేటి ఆమె చేత సంతకం చేయించుకున్నాడు. ఈసారి పెన్సిలు గుర్తు వేయలేదు. ముందు తెలుగులో చదివి వినిపించాడు.

ఆదివారం ఆసుపత్రి నుంచి బయలుదేరేముందు మంచాలన్నీ ఒకసారి తిరిగింది. సిద్ధమ్మ అప్పటికే ఊరికి పోయింది. ఆ మంచంలో ఇంకెవరో నొప్పులతో అటూ ఇటూ పొర్లుతున్నారు. ఉలిగమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకా సాయంత్రం దాకా టైముందని కొత్తగా వచ్చిన అమ్మాయికి చెప్పి, చెయ్యి తీసేసింది.

సోమవారం ధర్మవరంలో పాకాల బండికి ఇంకా గంట టైముంది. ఆ బండి ఎక్కి, కాట్పాడిలో మారి మద్రాసు పోవాలి. బావ నారాయణ ట్రంకుపెట్టె ప్లాట్‌ఫారం మీద దించి దాని మీదే కూర్చున్నాడు. పుట్టమ్మ రాలేదు. ఏడుస్తానని, ఏడిస్తే కోడలికి మంచిది కాదని ఇంట్లోనే ఉండిపోయింది. ఉలిగమ్మ ఒక్కతే స్టేషను ఎదుట ఉన్న పోస్టాఫీసుకు పోయింది, బాలప్పకు తంతి ఇవ్వడానికి.

తంతి గుమాస్తా పెద్దాయన. ఆమె తెలుగులో చెబుతుంటే ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్నాడు. ఓడ పేరు, దిగే తేదీ. తర్వాత, పద్దెనిమిది నెలల సెలవు మీద వస్తున్నాను. రాజీనామా చేయలేదు. పని పర్మిట్టు వద్దు.

రాసి, పెన్ను కొసతో ఒక్కో మాటా లెక్కపెట్టి, "సెలవు మీద వస్తాండావంటే రాజీనామా చేయలేదనే కదమ్మా అర్థం? ఆ మాట తీసేద్దాం" అన్నాడు.

"వద్దు సార్. అది ఉండనీండి."

ఈ మాటకు బాలప్ప ఏమంటాడో ఆమెకు తెలియదు. కోపగించుకోవచ్చు. రేవులో ముఖం తిప్పుకుని నిలబడవచ్చు. ఒకవేళ తానూ ఇక్కడికి వచ్చే మాట ఆలోచించవచ్చు. ఓడ దిగాక ఎదురుగా నిలబడి చెప్పాలని మొదట అనుకుంది. అది న్యాయం కాదనిపించింది. తనకు ఆయన మూడు నెలల ముందు చెప్పాడు. ఆయనకు పది రోజులైనా ఉండాలి.

గుమాస్తా కాగితాన్ని ఇంకోసారి చదువుకుని అద్దాల మీది నుంచి ఆమెను చూశాడు. ఎగతాళి ఏమీ లేదు, ఆశ్చర్యమే.

"మొగుని కాడికి పోయేదానికి సెలవు పెట్టినావా తల్లీ?"

"ఉద్యోగం చేసేదాన్ని కదా సార్" అంది ఉలిగమ్మ. "పెట్టకుండా ఎట్ల పోతా?"

ఆయన తల ఊపి తంతి మీట దగ్గరికి జరిగాడు. బండి వచ్చే వేళవుతోందని బయటి నుంచి నారాయణ పిలుస్తున్నాడు. వస్తాండా బావా అని కేకేసి, ఆఖరి మాట దాకా కొట్టడం అయ్యేవరకు ఆమె ఆ కిటికీ దగ్గరే నిలబడింది.